రెండో పూత

మా బాబాయి గోడలకు రంగులు వేస్తాడు. మొదటి పూత ఆరకముందే రెండో పూతకు ఎవరైనా బ్రష్ ముంచారా, వాళ్ళకు మూడిందే. పనిలో అంత ఓపికున్న మనిషి ఇంట్లో మాత్రం నిప్పు తొక్కిన కోతి.

వాళ్ళ ముందుగదిలో ఉప్పునీటి అక్వేరియం ఉంది. అది పిన్ని రాజ్యం. గోరంత ముక్కగా తెచ్చిన పగడం ఆవిడ చేతుల్లో అరచేయంత అయింది. బతికున్న పగడం ఒళ్ళు కట్టుకోవడానికి నీటిలోంచి కాల్షియాన్నీ క్షారాన్నీ లాగేసుకుంటుంది. అవి తరిగేకొద్దీ మనమే పోయాలి. పిన్ని ఒక సీసాలోది పొద్దున, ఇంకో సీసాలోది సాయంత్రం కొలిచి పోసేది.

"రెండూ ఒకేసారి పోసేస్తే పోలా? ఏం చాదస్తమే నీది!" అనేవాడు బాబాయి.

"అవి తోడికోడళ్ళండీ. చిక్కగా ఎదురుపడితే కొట్టుకుని రెండూ మూలపడతాయి. ఉప్పునీటిలో మెగ్నీషియం అత్తగారు మధ్యలో అడ్డం ఉండబట్టే సంసారం సాగుతోంది."

మోకాలి ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేరుతూ పిన్ని ఒక్కటే చెప్పింది, పగడం జాగ్రత్తని. బాబాయి బుద్ధిగానే పోస్తూ వచ్చాడు. రేపు ఇంటికి పంపిస్తామని డాక్టరు అనగానే మాత్రం కాలు నిలవలేదు. ఇల్లు కడగాలి, మంచం ముందుగదిలోకి తేవాలి. ఆ హడావుడిలో, రంగులు కలిపే అలవాటున, రెండు సీసాల మందూ ఒకే మగ్గులో పోసి పుల్లతో తిప్పి తొట్టిలో కుమ్మరించాడు. పిన్ని వచ్చేసరికి పగడం కళకళలాడాలని కాస్త ఎక్కువే పోశాడు.

నేను వెళ్ళేసరికి నీళ్ళు మజ్జిగలా ఉన్నాయి. పగడం ముడుచుకుపోయింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏం చేశావు బాబాయ్?"

"సున్నం కొట్టానమ్మా. గోడకి కాదు, మీ పిన్ని ప్రాణానికి."

పరీక్ష చేసి చూస్తే నీటిలో కాల్షియం, క్షారం రెండూ పెరగకపోగా తగ్గాయి. ఒకదాన్నొకటి పట్టుకుని సుద్దయి అడుగుకు దిగిపోయాయి. తగ్గాయి కదా, ఇంకాస్త పోద్దామని ఆయన మళ్ళీ మగ్గు అందుకున్నాడు. లాక్కున్నాను. ఇద్దరం సుద్ద తోడేసి, కొత్త ఉప్పునీరు కొద్దికొద్దిగా పోశాం.

మర్నాడు పిన్ని వాకర్ పట్టుకుని తిన్నగా తొట్టి దగ్గరికే వచ్చింది. పగడం ఒక అంచు పాలిపోయి ఉంది. బాబాయి తలొంచుకుని జరిగిందంతా చెప్పాడు.

"గోడైతే ఆరేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వరు. నీళ్ళకొచ్చేసరికి ఆ ఓపిక ఏమైందండీ?"

"నువ్వొస్తున్నావుగా," అన్నాడు.

పిన్ని ఇంక తిట్టలేకపోయింది. మంచం మీద కూర్చుని, "మిగతాది బతికే ఉందిలెండి," అంది.

ఇప్పుడు పిన్నికి పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం నడకని డాక్టరు చెప్పాడు. పొద్దుటి నడకప్పుడు బాబాయి కాల్షియం పోస్తాడు, సాయంత్రం నడకప్పుడు క్షారం. పాలిపోయిన అంచున మొన్న వేళ్ళలాంటి సన్నటి తంతువులు మళ్ళీ విచ్చుకున్నాయి. అది చూసిన సంబరంలో పిన్ని వాకర్ వదిలేసి అడుగు వేయబోయింది.

బాబాయి చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగవోయ్, మొదటి పూత ఆరనీ."