ట్రాలీ లైను మీద అన్నం కంచం

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. అండమాన్‌లోనే, డాలీగంజ్‌లో పుట్టి పెరిగాను. మా నాన్న వేటకెళ్లి నడిసముద్రంలో పడవ మీదే నిద్రపోయే మనిషి. ఇలాంటి భయాలకి మా ఇంట్లో చోటు లేదు. ఇది చదివి మీరు నవ్వినా ఏమీ అనుకోను. మీ చోట నేనున్నా నవ్వేదాన్నే.

కొన్నేళ్ల కిందట మా ఆయనకి మిడిల్ అండమాన్‌లో ఒక చిన్న ఊరి జెట్టీకి బదిలీ అయింది. పాప అప్పటికింకా బడికి వెళ్లడం లేదు. ఊరి పేరు చెప్పను, అక్కడ మనుషులు ఇంకా కాపురాలు చేసుకోవాలి.

వెనక కొండ, ముందు మడ అడవి, మధ్యలో క్రీక్, అంటే సముద్రపు పాయ. ఇంగ్లీషువాళ్ల కాలంలో కొండ మీద నరికిన దుంగల్ని ట్రాలీల్లో వేసి, పట్టాల మీద క్రీక్ దాకా దింపేవారట. అక్కణ్ణుంచి తెప్పలు కట్టి చాతం కలప మిల్లుకి పంపేవారు. ఇంజిను లేదు. వాలులో ట్రాలీ దానంతటదే దిగుతుంది, వెనక బ్రేకు పట్టుకుని ఒక మనిషి ఉంటాడు. అండమాన్‌లో రైలేమిటని అడుగుతారు గానీ, ఆ ఊరు పుట్టిందే ఆ పట్టాల వల్ల.

ఇప్పుడు పట్టాలు లేవు. పీకేసి కల్వర్టులకీ ఇళ్లకీ వాడేసుకున్నారు. మా అద్దె ఇంటి వసారా దూలం కూడా పట్టా ముక్కే. కానీ అవి వేసిన చోట మాత్రం ఎవరూ ఇల్లు కట్టలేదు. ఊరి మధ్యలోంచి కొండ దాకా ఖాళీగా గడ్డి బాట. దాన్ని లైను అంటారు. దాటేముందు పెద్దాచిన్నా అందరూ కొండవైపు తిరిగి "హో" అని కేక వేస్తారు.

ఇంటావిడ పైడమ్మ వయసులో మా అమ్మంత, అయినా ఊరందరికీ దీదీయే. మేం దిగిన రోజే చెప్పింది. "లైను దాటినప్పుడు కేకెయ్యి బేటీ. బ్రేకు మీదున్నోడికి తెలవాల గదా."

"బ్రేకు మీద ఎవరున్నారు దీదీ, దోమలా?" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఒక మధ్యాహ్నం, వాన వెలిసింది. లైను పక్కనే ఉన్న మా ఇంటి అరుగు మీద పాపకి అన్నం పెడుతున్నాను. నేల అదిరింది. సునామీ చూసినవాళ్లం, నేల కదిలితే ఆరుబయటికి పరిగెత్తడం మాకు ఒంట్లోనే ఉంటుంది. అక్కడ ఖాళీ జాగా అంటే అదొక్కటే. చేతిలో కంచంతోనే పాపని చంకనేసుకుని లైను మధ్యకెళ్లి నిలబడ్డాను. కేక వేయలేదు.

అదురు ఆగలేదు. కొండవైపు నుంచి ఇనుము మీద ఇనుము రాసుకునే చప్పుడు మొదలైంది, దగ్గరికొస్తోంది. ఎండ కాస్తోంది. బాట మీద ఏమీ లేదు. గడ్డి కూడా కదలడం లేదు. పాప నా మెడ కరుచుకుపోయింది. పక్కకి జరగాలని తెలుస్తోంది, కాళ్లు రావడం లేదు. నా బిడ్డని చేజేతులా చంపుకుంటున్నాననిపించింది. అంత భయం నేను జన్మలో ఎరగను.

వసారాలోంచి పైడమ్మ దీదీ గొంతు చించుకుని "హో" అని అరిచింది.

ఎవరో బ్రేకు బిగించినట్టు ఆ చప్పుడు కీచుమంది. అప్పుడు కదిలాయి నా కాళ్లు. అరుగు మీదకి దూకాను. కంచం జారి లైను మీదే పడిపోయింది. పచ్చి చెక్క వాసన మా పక్కగా క్రీక్ వైపు వెళ్లిపోయింది.

కంచం అడ్డంగా మూడు వేళ్ల వెడల్పున నలిగిపోయి ఉంది. మెతుకులు స్టీలుకి జిగురులా అంటుకుపోయాయి. చుట్టూ బురదలో నా అడుగులు తప్ప ఏ జాడా లేదు. జెట్టీలో నేల అదరనే లేదన్నాడు మా ఆయన. ఏ జీపో ఎక్కి ఉంటుందన్నాడు. అక్కడికి జీపు రాదని ఆయనకీ తెలుసు. బతిమాలి, పోట్లాడి, నెల తిరక్కుండా పాపతో డాలీగంజ్ వచ్చేశాను.

కంచం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నాది భ్రమే అయితే అదెలా నలిగిందో చెప్పలేను. భ్రమ కాకపోతే ఏమిటో అదీ చెప్పలేను.

మొన్న పైడమ్మ దీదీ ఫోన్ చేసింది. మేమున్న ఇంట్లోకి కొత్తవాళ్లు దిగారట, ఆవిడకి చంటిబిడ్డ ఉందట. కేక వేయమని చెప్పావా దీదీ అని అడిగాను.

"సెప్పేను బేటీ," అంది. "నీలాగే నవ్వింది."