కాశీబుగ్గ బ్రిడ్జి ఎక్కితే టకటక

మా చిన్నతనంలో... సముద్రం ఒడ్డున అక్కుపల్లిలో, మా చేపల వేటవాళ్ళ వీధి మొత్తానికి ఒకటే మోటారుసైకిలు, అది మా నాన్నది. పాత హండ్రెడ్ సీసీ బండి. పొద్దున్నే నాన్న ముందు, అమ్మ వెనక, ఆ వెనక క్యారియర్‌కి తాడుతో కట్టిన చేపల గంప... అలా కాశీబుగ్గ బజారుకి బయల్దేరేవారు.

బండి రాకముందు అమ్మ ఆ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగి అమ్మేది. బండి వచ్చాక ఆ తిరుగుడు తప్పింది. అందుకే ఆ బండంటే మా అందరికన్నా అమ్మకే ఎక్కువ ఇష్టం. చీర కొంగుతో తుడిచేది కూడా.

ఒక వేసవిలో బండిలో చప్పుడు మొదలైంది. కాశీబుగ్గ దగ్గర రైలు పట్టాల మీది బ్రిడ్జి ఎక్కుతుంటే ఇంజన్లోంచి టకటకటక... డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు. బ్రిడ్జి దిగితే ఉండదు. ఇంటికొచ్చి స్టాండు వేసి ఎంత రేజ్ చేసినా రాదు.

సాయంత్రమైతే వీధంతా బండి చుట్టూ చేరేది. ఒకరు చైను వదులైందన్నారు, ఒకరు టేపెట్లు అన్నారు, ఇంకొకరు పిస్టన్ అరిగిపోయిందని తేల్చేశారు. నాన్న ఎవరి మాటా వినకుండా విరిగిన తెడ్డు ముక్క తెచ్చి, ఒక కొస ఇంజనుకి, రెండో కొస చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. బోటు ఇంజన్లకి మా వాళ్ళు చేసే పరీక్ష అదే... లోపల ఏది కొట్టుకుంటున్నా కర్రలోంచి చెవికి వస్తుందట. నాన్న లేచి వెళ్ళాక నేనూ చెల్లీ ఆ ముక్క ఒకరి పొట్టకి ఒకరం పెట్టుకుని, లోపల ఏం పాడైందో చెప్పుకునేవాళ్ళం.

కర్రలో ఏమీ వినపడలేదు గానీ, అమ్మ ఒక సంగతి కనిపెట్టింది. బ్రిడ్జి దగ్గర తను గంపతో సహా దిగి నడిస్తే చప్పుడు లేదు, ఎక్కి కూర్చుంటే ఉంది. ఆ మాట బయటికి చెప్పడమే తప్పయింది. నీ బరువుకే బండి మూలుగుతోందని వీధిలో వదినలంతా ఒకటే వేళాకోళం. "నానంత బరువైపోనానా?" అని అమ్మ కొన్నాళ్ళు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

నాన్నకి అది వేళాకోళం కాదు. ఒకసారి సముద్రం మీద ఆయన ఎక్కిన బోటు ఇంజను ఇలాగే టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. ఇంకో బోటు వచ్చి తాడు కట్టి లాగేదాకా అలల మీద ఊగుతూ కూర్చున్నారట. ఆ చప్పుడంటే ఆయనకి భయం. ఒక పొద్దున్న గంప కట్టే తాడు తీసి లోపల పెట్టేశాడు.

"ఈ ఇంజను ఎప్పుడాగిపోద్దో తెల్దు. నిన్నెక్కించుకుని ఆ లారీల మజ్జిన నాను ఎల్లను" అన్నాడు.

అమ్మ గంప తెచ్చి ఆయన ముందు దించింది. "నాను మళ్ళీ దీన్ని నెత్తికెత్తను. బండి బాగుసేయించు" అంది. గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ గొంతు విన్నాక నాన్న బండి బయటికి తీశాడు.

ఆ రోజే ముగ్గురం కాశీబుగ్గలో మెకానిక్ దగ్గరికి బయల్దేరాం... బడికి సెలవులు కదా, నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకున్నారు. బ్రిడ్జి ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, అమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది. అలా చేస్తే బరువు తగ్గుతుందనుకుంది కాబోలు. టకటక మాత్రం మానలేదు.

మెకానిక్ ఇంజను జోలికే పోలేదు. ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. "మావా, ఇందల ఏటి పోసినావు? కిరసనాయిలు కంపు కొడతంది" అని నాన్నని అడిగాడు.

నాన్న కూడా వంగి వాసన చూసి, ఏమీ లేదే అన్నాడు. నిజంగానే ఆయనకి తెలియలేదు. మా ఇంట్లో వలలకీ, తాళ్ళకీ, బట్టలకీ, మాకూ అదే వాసన. పెట్రోల్లో కిరసనాయిలు కలిస్తే బరువు లాగేటప్పుడు ఇంజను అలా కొట్టుకుంటుందని మెకానిక్ చెప్పాడు. ట్యాంకు ఖాళీ చేసి, మంచి పెట్రోలు పోసి, ప్లగ్గూ కార్బొరేటరూ శుభ్రం చేశాడు. తిరిగొచ్చేటప్పుడు బ్రిడ్జి మీద చప్పుడు లేదు. అమ్మ నాన్న వీపు మీద చిన్నగా ఒకటి చరిచింది.

సాయంత్రం అప్పన్న మావయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు, బోటు మీద పని. అప్పుడప్పుడు మా బండి అడిగి తీసుకెళ్ళేవాడు. నాన్న జరిగిందంతా చెప్పి, పెట్రోలు బంకు వాళ్ళే కల్తీ చేసుంటారని తిడుతుంటే మావయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఖాళీ ట్యాంకుతో నీకు బండి ఎలాగిత్తాను బావా? బోటు క్యానులో మిగిలిన నూనె పోసీసినాను... తెచ్చినప్పుడల్లా."

మా వాళ్ళలో ఎవరి బోటు వాడుకున్నా, తీసుకున్నప్పటికన్నా తక్కువ నూనెతో తిరిగివ్వరు. సముద్రం మీద ఇంజనుకి పోసే నూనె అయిపోతే ప్రాణం మీదికొస్తుంది. మావయ్య ఆ మర్యాదే మా బండికీ చేశాడు. బోటు నూనెలో ఎక్కువ పాలు కిరసనాయిలే అన్న సంగతి ఆయనకి తట్టలేదు పాపం.

నాన్న అమ్మ వైపు తిరిగి, "నీ బరువు కాదే... మీ తమ్ముడి మర్యాద" అన్నాడు. అమ్మకి నవ్వు ఆగలేదు. మర్నాడు పొద్దున్న గంప మళ్ళీ బండెక్కింది.

ఇప్పుడు మా వీధిలో ఇంటికో బండి. మావయ్యకీ ఉంది, కవరు కప్పి గోడ పక్కన పెట్టి ఉంటుంది. ఆయన ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌కి వలస వెళ్ళి అక్కడి చేపల బోట్ల మీదే ఉంటాడు. ఊరొచ్చినా నా బండి అడగడు, ఆ అవసరం లేదు. నా బండి వేళకి సర్వీసింగుకి వెళ్తుంది, ఏ బ్రిడ్జి ఎక్కినా కిక్కురుమనదు.

మీ ఇంట్లో బండికి కూడా ఎప్పుడైనా ఇలాంటి రోగం వచ్చిందా... అది ఎవరి చేతి చలవో కింద రాయండి, చదువుకుంటాను. నా ట్యాంకులో మాత్రం నేను పోయించుకున్నది తప్ప, ఇంకొకరు పోసిన చుక్క పడి ఏళ్ళయింది.