ఒక కుప్పకు మూడు పరదాలు

భూపాలపల్లిలో నేను పనిచేసే కరెంటు ప్లాంటులో ప్రతి పనికీ ఒక వరుస ఉంటుంది. ఏ వాల్వు ముందు మూయాలి, ఏ పంపు తరువాత ఆపాలి, ఎవరు ఎవరికి చెప్పాలి, అన్నీ ముందే తేల్చి ఉంటాయి. ఆ అలవాటు సెలవుల్లో కూడా నన్ను వదలదు. మొన్న యాసంగి కోతలకు దంతాలపల్లి వచ్చి, వడ్ల కొనుగోలు సెంటర్‌లో మా కుప్ప దగ్గర కూర్చున్నప్పుడు, వాన వస్తే ఏం చేయాలో మనసులో వరుస వేసుకున్నాను. ఒకటి, ఆరబోసిన వడ్లను కుప్ప చేయాలి. రెండు, టార్పాలిన్ పరదా కప్పాలి. మూడు, అంచుల మీద రాళ్లు పెట్టాలి. నాలుగు, నీళ్లు నిలవకుండా చుట్టూ చిన్న కాలువ తీయాలి.

నాన్నను మేం బాపు అంటాం. బాపుకు చెబితే శ్రద్ధగా విని, "మంచిగుంది. మొగులుకు గూడ చెప్పినవా?" అన్నాడు ఆకాశం వైపు చూస్తూ.

సెంటర్ సంగతి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. వడ్లలో తేమ ఎక్కువుంటే కొనరు. అందుకని రోజూ ఎండలో ఆరబోసి, కాళ్లతో తిరగేసి, సాయంత్రం కుప్ప చేసి, తేమ మిషన్‌తో చూసుకుంటూ ఉండాలి. మిషన్ సరే అన్నాక తూకం వేసే కాంటా కోసం వంతు రావాలి. ఈలోపు వాన తగిలితే మళ్లీ మొదటికే.

మా పక్క కుప్ప దగ్గరి తండా నుంచి వచ్చిన ఒకామెది. బాపు ఆమెను చెల్లె అంటాడు కాబట్టి నాకు అత్త. భర్త హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయాడు. కోసిన దగ్గర్నుంచి ఆరబెట్టేదాకా అంతా ఆమె ఒక్కతే చేసుకుంది. ఆ రోజు పొద్దున్నే ఆమె వడ్లను మిషన్ పాస్ చేసింది. మరుసటి పొద్దున మొదటి కాంటా ఆమెదే. ఇంక ఒక్క పూట తడవకుండా ఉంటే చాలు.

మధ్యాహ్నం ఆమెకు ఫోన్ వచ్చింది. వాళ్ల భాషలో గబగబా మాట్లాడి, మా వైపు తిరిగింది. కడుపుతో ఉన్న బిడ్డకు నొప్పులు మొదలయ్యాయట, మేం మానుకోట అని పిలిచే మహబూబాబాద్‌లో దవాఖానకు తీసుకుపోయారట. కొంగు సర్దుకుంది కానీ కాలు కదపలేదు.

"అన్నా, వడ్లు?" అంది.

"వడ్లకు నొప్పులస్తలేవు గద. నువ్వు పో చెల్లె," అన్నాడు బాపు.

"పో అత్తా, మేం లేమా ఏంది?" అంది ఎదుటి కుప్ప వదిన. ఆ వదిన నోటికి సెంటర్‌లో అందరూ జడుస్తారు, హమాలీలతో సహా.

వెనక కుప్ప తాత కూడా చేయి ఊపాడు. "పో బిడ్డా, నేను సూస్త."

ఇలా ముగ్గురూ విడివిడిగా మాటిచ్చారు. ఆమె ఆటో ఎక్కింది. మేమే ఆమె వడ్లను కుప్ప చేసి పెట్టాం. ఆమెకున్న ఒక్క పరదా ఆ వడ్ల కిందే పరచి ఉంది. పైన కప్పడానికి ఏమీ లేదు.

పొద్దు వాలకముందే పడమటి నుంచి మొగులు లేచింది. ఇటు చూసి అటు చూసేలోపు గాలి. నేను నా వరుస ప్రకారం మా వడ్లను దగ్గరికి తోసి, రెండో పనికని వెనక్కి తిరిగితే మడత పెట్టిన పరదా లేదు.

"బాపూ, మన పరదా ఏది?"

"గామె కుప్ప మీదేసిన."

"మరి మనది?"

"మన కాడ మనం ఉన్నం గద. ఆమె కాడ ఎవలున్నరు?" అన్నాడు బాపు, రాళ్లు ఏరుకుంటూ.

నా వరుసలో ఈ అంశం లేదు. సరే, వదిన దగ్గర ఏదైనా అదనపు పరదా ఉంటుందేమో అడుగుదామని చూస్తే, ఆమె తన పరదాను తెచ్చి అత్త కుప్ప మీద అవతలి పక్క నుంచి కప్పేస్తోంది. ఆమె వెనకే తాత తన పరదాను నేల మీద ఈడ్చుకుంటూ వస్తున్నాడు. గాలి లేపిన దుమ్ములో ఒకరు కప్పింది ఇంకొకరికి కనబడలేదు. ఎవరి మాట వాళ్లు నిలబెట్టుకున్నారు. దుమ్ము తేలేసరికి అత్త కుప్ప మీద మూడు పరదాలు, వాటి మీద బోలెడు రాళ్లు. చుట్టూ మా మూడు కుప్పలు ఆకాశానికి ముఖం చూపిస్తూ ఉన్నాయి.

"ఒకటి తీద్దాం," అని నేను అంచు పట్టుకున్నాను.

"తీయకు! గాలికి మూడూ లేస్తయి," అని అరిచాడు తాత.

అంతలో చినుకులు పడనే పడ్డాయి. పెద్ద పెద్ద చినుకులు. మేం నలుగురం ఉన్న గోనె సంచులు, తువ్వాళ్లు, చివరికి బాపు లుంగీ కూడా కుప్పల మీద వేసి చూశాం. బాపు నిక్కరు మీద నిలబడ్డాడు. వదిన నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇంజినీరు సారూ, మీ ప్లాంటుల గూడ గిట్లనే చేస్తరా?"

"మా ప్లాంటుల ఒకరికొకరు చెప్పుకుంటరు వదినా."

"చెప్పుకుంట కూసుంటే వాన ఆగుతదా?"

"ఒక్క కుప్పకు మూడు పరదలు," అన్నాడు తాత, గడ్డం మీది నీళ్లు తుడుచుకుంటూ. "పెండ్లికొడుక్కు గూడ ఇన్ని గొడుగులు పట్టరు."

తెల్లారి ఎండ బాగా వచ్చింది. పరదాలు తీస్తే అత్త వడ్లు ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి. మిషన్ మళ్లీ పాస్ చేసింది. మావి పైనుంచి జానెడు తడిశాయి. ముగ్గురి వడ్లూ మళ్లీ ఆరబోసి కాళ్లతో తిరగేయడం మొదలుపెట్టాం. ఇటు హమాలీలు వచ్చి అత్త వడ్లు సంచులకెత్తారు. జనగామ వైపు మిల్లుకు పోయే లారీ కూడా వచ్చి నిలబడింది. అప్పుడు సెంటర్‌లో ట్యాబ్ పట్టుకుని ఉండే అమ్మాయి అడ్డం పడింది.

"రైతు లేకుంటే ఆమె ఫోన్‌కొచ్చే ఓటీపీనన్న చెప్పాలె."

బాపు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"చెల్లె, ఏమైంది?"

"ఆడపిల్ల అన్నా! ఇప్పుడే చేతికిచ్చిన్రు!"

"తల్లి?"

"మంచిగుంది."

హమాలీలు కూడా ఈలలేశారు. ట్యాబ్ అమ్మాయి మాత్రం, "ఓటీపీ, ఓటీపీ! టైమైపోతుంది," అని మొత్తుకుంటోంది.

"చేతుల పిల్లుంటే ఎట్ల సూడాలె?" అంది అత్త. ఎవరో నర్సు ఫోన్ తీసుకుంది కానీ, సగం అంకెలు పిల్ల ఏడుపులో కలిసిపోయాయి. మళ్లీ పంపించి, మళ్లీ చదివించి, ఎట్లాగో పని అయింది. మొదటి సంచి కాంటా ఎక్కింది.

అత్త ఫోన్ పెట్టలేదు. "అన్నా, నిన్న అక్కడ వాన కొట్టిందట గద. మీ వడ్లు తడిసినయా?"

"ఏం తడువలే చెల్లె," అన్నాడు బాపు, చీలమండల దాకా తడి వడ్లలో నిలబడి.

"మావి గూడ మంచిగున్నయత్తా!" అని అరిచింది వదిన.

"నావైతే గలగలమంటున్నయి," అన్నాడు తాత.

అత్త మాత్రం, "మీ మాట నేను నమ్మ. నీ కొడుకు, మా అల్లుడున్నడా? ఆయన ఉన్నదున్నట్టు చెప్తడు, ఆయనకియ్యి," అంది.

ఫోన్ నా చేతికొచ్చింది. ఇంకో చేతిలో తేమ మిషన్ ఉంది, అందులో మా వడ్లే ఉన్నాయి. అది చూపించే అంకె చూస్తే ఎవరూ ఆ వడ్లు కొనరు. నా మీద మూడు జతల కళ్లు.

"అత్తా, ఇప్పుడే మిషన్ పెట్టి సూసిన. మీ వడ్లు పాసైనయి," అన్నాను.

"మరి మీయి?"

"మాయి గూడ అత్తా."

"ఇగ నాకు రంది లేదు, బెంగ లేదు," అంది. పిల్ల మళ్లీ ఏడుపందుకుంది. దాన్ని సముదాయించడానికి ఫోన్ పెట్టేసింది.

మిషన్‌లోని వడ్లను నేల మీద ఒంపేసి, నేనూ కాళ్లతో తిరగేయడానికి దిగాను.