అమ్మ ఎదురు రాని దారి

మా ఆఫీసు కంప్యూటర్లో ఇంకో విజయవాడ ఉంది. ఎవరు ఏ దారిన వెళతారో అందులో ముందే లెక్కగట్టి, ఏ రోడ్డును ఎలా మార్చాలో చెప్పడం మా ఉద్యోగం. దాన్ని మోడల్ అంటాం. ఆ ఊళ్ళో సైకిళ్ళవాళ్ళందరూ మహా బుద్ధిమంతులు. ఏది దగ్గరైతే ఆ దారినే పోతారు. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది, ఎందుకంటే అందులో మా కాలవ గట్టు లేదు.

పటమటలో మా ఇంటి నుంచి అమ్మ పాఠాలు చెప్పే, నేనూ చదివే బడికి రెండు దారులుండేవి. వీధిలోంచి తిన్నగా వెళితే ఇట్టే వచ్చేస్తుంది. వెనక సందులోంచి బందరు కాలవ గట్టెక్కితే బోలెడంత చుట్టు. అమ్మ రోజూ గట్టు మీదుగానే తొక్కేది, వెనక క్యారియర్ మీద నేను. నాకు ఊహ తెలియకముందే నాన్న పోయారు. ఇంట్లో అమ్మ పెద్దగా నోరు విప్పేది కాదు గానీ, గట్టెక్కిందంటే మాటే మాట. ఎక్కాలు అడిగేది. తప్పు చెబితే సైకిలు అటూ ఇటూ ఊపేది. నేను కెవ్వుమంటే పడీ పడీ నవ్వేది. నిద్రగన్నేరు చెట్ల కింద నడివేసవిలో కూడా చల్లగా ఉండేది.

"ఎందుకమ్మా ఇంత చుట్టు?" అంటే, "గట్టు మీద గాలి బావుంటుందే" అనేది. నిజంగానే బావుండేది. నేను నమ్మేశాను.

నా పరీక్షల రోజుల్లో మాత్రం అమ్మ నాకన్నా ముందే వెళ్ళిపోయేది. నేను గుమ్మం దిగేసరికి పక్కింటి అత్తయ్యగారు నిండుగా బొట్టు పెట్టుకుని ఎదురొచ్చేవారు. ముత్తయిదువ ఎదురైతే పని అవుతుందని. అమ్మకి బడిలో పనుంది కాబోలు అనుకునేదాన్ని.

అమ్మ పోయి కొన్నేళ్ళయింది. ఈమధ్య ఆ గట్టు వెంబడి రోడ్డు వెడల్పు చేసే ప్లాను మా ఆఫీసుకొచ్చింది. సైకిళ్ళు అటు వెళతాయని మోడల్ చూపిస్తే వాటికి చోటు మిగులుతుంది, చెట్లు బతుకుతాయి. లేదంటే అంతా కార్లకే. మా పెద్దసారుతో వాదన పెట్టుకున్నాను.

"దగ్గర దారి వదిలి చుట్టు తిరిగి ఎవరు పోతారు మేడం?"

"మా అమ్మ పోయేదండీ."

"ఒక్కరి కోసం మోడల్ మార్చలేం కదా. నీడ కోసం వెళతారంటారా, చూపించండి. నీడ కూడా లెక్కలో వేద్దాం."

సరే, చూపిద్దామని ఆదివారం పొద్దున్నే గట్టు మీద నిలబడి సైకిళ్ళవాళ్ళని అడిగాను. ఎక్కువమంది నీడనే అన్నారు. సంబరంగా అత్తయ్యగారింటికి వెళ్ళి, "అమ్మ కూడా ఆ నీడ కోసం, గాలి కోసమేగా గట్టెక్కేది అత్తయ్యగారూ!" అన్నాను.

ఆవిడ నా వంక వింతగా చూశారు. "గాలీ లేదు, గాడిదగుడ్డూ లేదు. మీ నాన్న పోయిన కొత్తల్లో, ఈ వీధిలోనే ఎవరో పెళ్ళిచూపులకి బయల్దేరుతుంటే మీ అమ్మ సైకిలు మీద ఎదురైంది. వాళ్ళు గిరుక్కున లోపలికెళ్ళి, కూచుని మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరారు. మర్నాటి నించీ మీ అమ్మ ఈ వీధి తొక్కితే ఒట్టు."

"మీరైనా చెప్పలేకపోయారా?"

"చెప్పానమ్మా. 'దానికి గట్టంటే ఇష్టం వదినా' అంది, నీ మీద పెట్టి."

నాకు ఆ వీధి మీద, ఆ మంచినీళ్ళు తాగినవాళ్ళ మీద పట్టరాని కోపం వచ్చింది. అక్కడే కూచుని భోరున ఏడ్చాను. మరి ఆ నవ్వు? అది మాత్రం ఉత్తిది కాదు. గట్టు మీద అమ్మకి ఎదురయ్యేవి గేదెలు, గడ్డిమోపులు మోసుకొచ్చే ఆడవాళ్ళు. శకునాలు చూసే తీరిక వాళ్ళకెక్కడిది? అక్కడే అమ్మ హాయిగా తలెత్తుకుని సైకిలు తొక్కింది.

సోమవారం మోడల్లోకి గట్టు వచ్చింది, నీడ పేరు మీద. ప్లానులో ప్రస్తుతానికి చెట్లున్నాయి. అమ్మ కారణానికి ఆ లెక్కలో చోటు లేదు. నేను అడగనూ లేదు.

ఇప్పుడు ఆఫీసుకి నేనూ గట్టు మీదుగానే సైకిలు మీద వెళుతున్నాను. మొన్న దూరం నుంచి ఒకావిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని సైకిలు తొక్కుతూ వస్తోంది. అమ్మే అనుకుని బ్రేకు వేశాను. దగ్గరికొస్తే ఎవరో. పరీక్షకైనా, ఉద్యోగానికైనా, నేను గుమ్మం దిగే వేళ అమ్మ ఒక్కసారి కూడా నాకు ఎదురు రాలేదు.

ఒక్కసారి ఎదురు రావే అమ్మా. పని చెడితే చెడనీ.