చీనీకాయ నొక్కిన వేలు

మా అత్తకు కంటి ఆపరేషన్ చేయాలంటే ముందు షుగరు అదుపులో ఉండాలన్నారు కడప కంటి ఆసుపత్రిలో. "పది రోజులు పరగడుపున చూసి, పుస్తకంలో రాసి తీసుకురండి. నూట యాభై లోపల ఉంటే తేదీ ఇస్తాను" అంది డాక్టరమ్మ. పుస్తకం అనేసరికి నాకు హుషారు వచ్చింది. పదో తరగతితో చదువు ఆగినా, తోట కాయల తూకం చీటీల మీద కూడికలు, సగటులు నాకు నేనే నేర్చుకున్నదాన్ని. గళ్లు గీసి, తేదీకి ఒక రంగు, అంకెకు ఒక రంగు పెట్టుకున్నాను.

వేంపల్లె దగ్గర మాకు చీనీ తోట ఉంది; చీనీ అంటే మా వైపు బత్తాయి. అత్తకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. మనిషిని గొంతుతో గుర్తుపడుతుంది. అయినా పని మానదు. తెల్లారేసరికి కాయల కుప్ప దగ్గర కూర్చుని, ఒక్కో కాయనూ చూపుడువేలితో నొక్కి, మెత్తబడినవి ఏరి పారేస్తుంది. లారీ వెళ్లాక లేచి వచ్చి, అదే వేలు నా ముందుకు చాపుతుంది.

"ఈ యేలే పొడుచు. కాయలు నొక్కి నొక్కి మొద్దుబారిండాది, నొప్పి తెలీదు."

నేను స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచి, పొడిచి, మిషన్‌లో చూసేదాన్ని. మొదటి రోజు 286. రెండో రోజు 301. ఆమె తినే రాగి సంగటి ముద్ద సగం చేశాను. మూడో రోజు 312.

"కడుపు మాడ్చి సంపుతాండావు మే నన్ను," అంది అత్త. "చక్కెరుంటే ఉచ్చకు చీమలు పట్టవా? దొడ్లోకి పోయి చూడుపో, ఒక్క చీమన్నా ఉండాదేమో!"

"చీమల మాట డాక్టరమ్మతో చెప్పమంటావా అత్తా?"

"చెప్పు. చీమలకు నా మీద పగేమన్నా ఉండాదా? నీ మిషనుకే ఉండాది."

ఈ పోరు పడలేక మా ఆయన ఆమెను ఊళ్లో ల్యాబుకు తీసుకుపోయి నరం నుంచి రక్తం తీయించాడు. 136 వచ్చింది. నేను నమ్మలేదు. ల్యాబుది ఒక్క రోజు అంకె, నాది పది రోజుల అంకె. పది మంది సాక్షుల ముందు ఒక్కడి మాట చెల్లుతుందా? ఆ చీటీని పుస్తకంలో అంటించలేదు సరికదా, డాక్టరమ్మకు చూపించనూ లేదు. పది రోజులూ అయ్యాక, సగటు మాత్రం 294.6 అని ఎర్రసిరాతో రాసి చూపించాను.

"ఈ షుగరుతో ఆపరేషన్ చేయలేను. ఇంకో పది రోజులు చూడండి. ఇలాగే ఉంటే ఇన్సులిన్ మొదలుపెట్టాలి" అంది ఆమె.

తిరుగు బస్సు వేంపల్లె చేరబోతుండగా అత్త మెల్లగా అడిగింది: "అయితే నేనింక ఇట్లే తడుముకుంటా ఉండాల్నా?"

నేను పుస్తకం తీసి, సగటు సరిగ్గానే వచ్చిందా అని మళ్లీ కూడుకున్నాను.

మర్నాడు 298. రాసుకుని, పక్క గడి గీస్తున్నాను. వేలు తుడిచి గిన్నెలో పడేసిన దూదికి చీమలు బారు కట్టి వస్తున్నాయి. దూది తీసి వాసన చూశాను. స్పిరిట్ వాసన కింద చీనీ వాసన! అత్త చేతులు సబ్బుతో రుద్ది కడిగించి మళ్లీ పొడిచాను. 132. నమ్మకం కుదరక, కుళ్లిన కాయ ఒకటి నా వేలితో నొక్కి, స్పిరిట్ దూదితో తుడిచి చూసుకున్నాను. నాకు ఏ జబ్బూ లేదు, 270 వచ్చింది. కడుక్కుంటే 94. నా పది మంది సాక్షులూ నిజానికి ఒక్కడే. ఒకే అబద్ధాన్ని పదిసార్లు చెప్పాడు. నేను దానికి దశాంశం కూడా వేశాను.

"చక్కెర నీ వేలికి అత్తా, నీకు కాదు."

"యెవురు చెప్పినారు?"

"చీమలు."

"నేను చెప్తే ఇనలేదు గదా!"

పది రోజుల తర్వాత మళ్లీ వెళ్లాం. పుస్తకంలో మొదటి పదకొండు అంకెలూ కొట్టేసి, పక్కన 'చెల్లవు' అని రాసి ఉంది. కింద అన్నీ నూట నలభై లోపలే. డాక్టరమ్మ కళ్లద్దాల మీదుగా చూసింది.

"ఆపరేషన్ కోసం అంకెలు దిద్దుకొచ్చేవాళ్లు నాకు కొత్త కాదమ్మా."

జన్మలో ఒక్క అంకె దిద్దనిదాన్ని. ల్యాబు చీటీ ఇప్పుడు చూపిస్తే ఇంకా దొంగలా ఉంటానని సంచిలోనే నొక్కేశాను. అత్త మాత్రం డాక్టరమ్మకని తెచ్చిన చీనీకాయల్లో చెయ్యి పెట్టి, బస్సులో నలిగినదొకటి తడిమి తీసింది.

"ఇది నొక్కమ్మా, గెట్టిగా. ఇప్పుడు నీ యేలు పొడిపించుకో."

ఎందుకో గానీ డాక్టరమ్మ నవ్వుతూనే నొక్కింది. నర్సు ఆమె వేలిని స్పిరిట్‌తో తుడిచి చూసి, "మేడం! రెండొందల నలభై!" అని కేక పెట్టింది.

"అయ్యో," అంది అత్త. "శానా చిన్న వయసు గదమ్మా నీది. సంగటి తగ్గించు."

డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. 102. అత్త చేతులూ కడిగించి తానే చూసింది. 128. చీటీ మీద తేదీ రాసి నా చేతికిచ్చింది.

"సదువు మే" అంది అత్త.

"వచ్చే గురువారం, పొద్దున ఎనిమిదికి."

"ఇంగోసారి."

చదివాను. అత్త చీటీ లాక్కుని నర్సు గొంతు వినబడిన వైపు చాపింది.

"మా కోడలు లెక్కల్లో శానా గెట్టిదిలే. అయినా నువ్వు గూడా ఒకసారి సదువు తల్లీ."

నర్సు కూడా గురువారమే అంది. అప్పుడు గానీ అత్త కుర్చీలోంచి లేవలేదు.