తారురోడ్డుకూ నల్లరేగడికీ ఒకే టైరు

మా ఆమెకు డయాలసిస్ తప్పిపోయిన రోజు, మా పికప్ బండి ఊరికీ హైవేకీ మధ్య నల్లరేగడిలో ఇరుసుదాకా దిగబడి ఉండింది. ముందురోజు వాన పడింది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం జానెడు కదల్లేదు. రేగడి మట్టి టైరు గీతల్లో పేరుకుని, టైరంతా నున్నగా, మట్టి ముద్ద లాగా అయిపోయింది. తుమ్మకంపలు కొట్టుకొచ్చి చక్రాల కింద వేశాను. రాళ్లు వేశాను. వెనకున్న ఉల్లిగడ్డల మూటలు ఒక్కొక్కటే దించి బురదలో పెట్టాను. ఆమె ముందు సీట్లో కూర్చుని, రెండు చేతులూ డాష్‌బోర్డుకు ఆనించి, వంగి ఊపిరి తీస్తాంది. మొహం, కాళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఫోన్ చెయ్యి, రాలేమని చెప్పు," అంది.

"పోతాం లేమ్మే, ఇంకో పది నిమిషాలు," అన్నాను. ఆ మాట పొద్దున్నుంచీ అంటానే ఉన్నాను.

ట్రాక్టరు దొరికి బండిని లాగేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఫోన్ చేస్తే ఆసుపత్రిలో నర్సమ్మ, "మీ టైము అయిపాయనన్నా. వేరే ఆయన్ను మిషన్ మీద పెట్టినాం. రేపు పొద్దున రాండి. ఊపిరి శానా కష్టమైతే మాత్రం ఆగొద్దు," అంది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి ఆమె తెల్లారేదాకా గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఎదురుగా కూర్చుని ఆమె ఎద ఎగసి పడటం చూస్తూ ఉండిపోయాను.

మాది మైదుకూరు దగ్గర, హైవే దిగి లోపలికి పోవాల్సిన పల్లె. దారికి అడ్డంగా వాననీళ్లు పారే వంక, దానిమీద చిన్న కల్వర్టు. కల్వర్టు దాటినాక అంతా రేగడి. ప్రొద్దుటూరులోనూ కడపలోనూ డయాలసిస్‌కు పేరు రాయించాం, ఖాళీ వస్తే పిలుస్తామన్నారు. కర్నూలులో ఖాళీ దొరికింది. బండి నడిస్తేనే మా ఇల్లు నడిచేది కాబట్టి, ఆమెను తీసుకుపోయే రోజులకే కర్నూలు మార్కెట్టు బాడుగలు కుదుర్చుకున్నాను. మూటలు వెనక, ఆమె ముందు. దువ్వూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా పోను, మళ్లీ రాను. బండి తిరుగుడంతా హైవే మీదనే. మా ఊరి దారి అందులో పిడికెడు. ఆ పిడికెడు దారే మమ్మల్ని చంపుతాండేది.

మరునాడు ఎట్లో కర్నూలు చేరి, ఆమె మిషన్ మీద ఉన్నంతసేపూ నేను కర్నూలులో టైర్ల అంగళ్ల చుట్టూ తిరిగాను. మొదటి అంగట్లో తెల్లక్షరాలుండే వెడల్పాటి టైర్లు చూపించి, "ఇవి వేసుకుంటే కొండైనా ఎక్కుతాదన్నా," అన్నారు. ఇంత బరువు ఎత్తుతానని చెప్తే, అవి జీపులకు చేసినవి, మూటల బండికి ఆగవని తేలింది. మంచి టైరు అని ఒకటుంటాదని, అది దొరికితే ఆమె బతుకుతాదని నేను అనుకుంటున్నాను.

రెండో అంగడి ఒక పెద్దవయసు శెట్టిది. ఆయన ముందు బండి చుట్టూ తిరిగి చూశాడు.

"ఎక్కువ యాడ తిప్పుతావప్పా?"

"హైవే మీదనే. మైదుకూరు నుంచి ఈడికి."

"అట్లయితే వీటికేమొచ్చె? ఇంకా కొత్త మాదిరే ఉండాయి. హైవేకు ఇవే మేలు."

"మా ఊరి దారి కొంచెమే గానీ రేగడి. వారానికి కొన్నిసార్లు పోవాల, ఆడ దిగబడతాండాది శెట్టీ."

ఆయన లోపలినుంచి మూడు రకాలు దొర్లించుకొచ్చి గోడకు నిలబెట్టాడు. ఒకటి నా బండికున్నట్లే పొడుగు గీతలది. ఒకటి పిడికిళ్లంత ముక్కలుండే బురద టైరు. మధ్యలోది ఆల్ టెర్రైన్, అంటే అటు తారుకూ ఇటు మట్టికీ పనికొచ్చేది. నేను బురద టైరు మీద చెయ్యి పెట్టాను.

"దాన్ని వదిలెయ్," అన్నాడు శెట్టి. "తారు మీద అది సబ్బు అరిగినట్లు అరుగుతాది. మోతకు పక్కన మనిషి మాట ఇనపడదు. తడి రోడ్డు మీద బ్రేకేస్తే నిలబడదు. నువ్వు తిరిగేది హైవే అంటివి."

"మరి ఈ మధ్యలోది?"

"ఇదీ మోత చేస్తాది, దానికంటే తక్కువ. డీజిలు కొంచెం ఎక్కువ తాగుతాది. వానలో నీ పాత టైర్లు ఆగినంత తొందరగా ఆగదు. రేగడిలో మాత్రం ఇదిగో, ఈ పక్క అంచులు పట్టుకుంటాయి, సందులు వెడల్పు గాబట్టి మట్టి ఇదిలిచ్చుకుంటాది. వారానికి కొన్నిసార్లు పోయే ఆ కాస్త దారికి ఇంత అవసరమా, నువ్వే ఆలోచన చేసుకో."

నేను ఆలోచించే స్థితిలో లేను. "వెనక రెండిటికే వేస్తే?" అన్నాను.

"వెయ్యొచ్చు, శానామంది వేస్తారు. ముందువి ఒక రకంగా, వెనకవి ఒక రకంగా పట్టుకుంటే, వానలో మలుపు తిరిగేటప్పుడు బండి నీ మాట ఇనదు. వేస్తే నాలుగూ వెయ్యి. ఇంతకీ ఏం తీసుకుపోతావు దాంట్లో?"

"ఉల్లిగడ్డలు," అన్నాను. తర్వాత, "మా ఆమెను," అన్నాను. ఎక్కడికో కూడా చెప్పాను. ఆయన కాసేపు టైరు మీద దుమ్ము తుడుస్తూ ఉండి, "ఆమెను అడుగు. ఆ మోత పక్కన కూర్చోవాల్సింది ఆమె గదా," అన్నాడు.

ఆసుపత్రికి పోయి ఆమె మంచం పక్కన నిలబడి, అంతా చెప్పాను. చేతికి గొట్టాలు, వాటిలో ఎర్రగా నెత్తురు తిరుగుతాంది. ఆమె కళ్లు తెరవకుండానే, "దిగబడనివి కొను. మోత నేను భరిస్తాలే," అంది. శెట్టి నా పాత టైర్లు తీసుకుని, నాలుగూ ఆల్ టెర్రైన్‌వి ఎక్కించాడు. అవి మూటల బరువుకు ఆగే రకమేనని టైరు పక్కనున్న గుర్తు మీద వేలు పెట్టి మరీ చూపించాడు.

మోత గురించి ఆయన చెప్పింది నిజమే. ఊళ్లలో మెల్లగా పోతున్నంతసేపూ ఏమీ లేదు. వేగం అందుకునేసరికి కిందనుంచి తేనెటీగల గుంపు లేచినట్లు ఒకటే హోరు. డయాలసిస్ అయినాక ఆమెకు తలనొప్పి, ఒళ్లంతా పిండేసినట్లుంటుంది. పాత టైర్లతో నంద్యాల చేరకముందే నిద్రపోయేది. ఇప్పుడు కొంగు చెవులకు చుట్టుకుని, కిటికీకి తల ఆనించి, కళ్లు మూసుకుని మేలుకొనే ఉండేది. నేను వేగం తగ్గిస్తే హోరు తగ్గేది, ఇల్లు దూరమయ్యేది. ఏది మేలో తేల్చుకోలేక దారంతా తగ్గిస్తూ, పెంచుతూ నడిపేవాణ్ణి.

రేగడిలో మాత్రం బండి ఒక్కసారి కూడా ఆగలేదు. వాన పడిన మరునాడు కూడా గరగరా మట్టి చిమ్ముకుంటూ బయటికొచ్చేది. నాకు ధైర్యమొచ్చింది.

తర్వాత ముసురు పట్టింది. ఆమెకు పోవాల్సిన రోజు పొద్దున చూస్తే వంక కల్వర్టు మీదుగా పారుతాంది. నీళ్లలో పోయే టైరు లేదు. మిగిలింది ఒక్కటే దారి, వంక దాటకుండా హైవేకు చేర్చే కేసీ కాలువ గట్టు. గట్టు మీద బండి పట్టేంతే వెడల్పు. అదంతా బంక మన్ను. ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క పల్లంలో వరిమళ్లు. ఆ రోజు మూటలు ఎత్తలేదు.

"పోదామా?" అన్నాను.

ఆమె తలుపు పట్టుకుని మెల్లగా బండెక్కింది. మాట్లాడటానికి ఊపిరి చాలడం లేదు.

గట్టెక్కాను. మొదట్లో చక్రాలు పట్టుకున్నాయి. సగం దూరం బాగానే పోయాం. ఒకచోట గట్టు కాలువ వైపు వాలి ఉంది. అక్కడ బండి వెనక భాగం మెల్లగా, చానా మెల్లగా, నీళ్ల వైపు జారడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కితే పోతాం, ఆపితే పోతాం. వెనక జారే వైపే తిప్పితే బండి సరిగ్గా అవుతాదని, స్టీరింగు కాలువ వైపే కొంచెం తిప్పి, యాక్సిలరేటరు వదలకుండా పట్టుకున్నాను. టైర్లు మన్ను తవ్వుతున్న చప్పుడు. ఆమె చెయ్యి నా తొడ మీద గోళ్లు దిగేలా బిగుసుకుంది. బండి ఒక జర్కు ఇచ్చి ముందుకు దూకింది. గట్టు దిగి బండిని తారు మీదికి ఎక్కించాను.

హైవే మీద వాన ఆగలేదు. చాగలమర్రి దాటినాక ముందుపోయే బస్సు ఉన్నట్టుండి ఆగింది. బ్రేకేశాను. బండి ఆగలేదు, అట్లే జారుకుంటూ పోయి, బస్సు వెనక అద్దంలో మా లైట్లు కనపడేంత దగ్గరికొచ్చి నిలబడింది.

టైముకు చేరాం. మిషన్ మీద పెట్టారు. సాయంత్రానికి ఆమె మొహంలో వాపు తగ్గింది, మాట వచ్చింది. బండెక్కించబోతే తలుపు పట్టుకుని నిలబడింది.

"ఇంక నన్ను తీసుకురావాకు," అంది.

"అదేం మాట?"

"నేను చస్తే నేనొక్కదాన్నే చస్తా. పొద్దున ఆ గట్టు మీద ఇద్దరం పోయింటే, మన పాప ఎవురి దగ్గర ఉండాల? నువ్వు టైర్లను చూసుకుని పోతాండావు. నేను పాపను చూసుకుని భయపడతాండా."

పాప అప్పుడు మైదుకూరు హాస్టల్లో పదో తరగతి చదువుతాండేది. నేను ఆసుపత్రి గేటు ముందు, జనం అంతా చూస్తుండగానే ఏడ్చాను. "నువ్వు మానేస్తే నేనేం చేసేది? చెప్పు, ఏం చేసేది?" అని అదే మాట అంటున్నాను. ఆమె నన్ను ఏడవనిచ్చింది. తర్వాత, "వానలు తగ్గేదాకా ఇంటికి పోవద్దు. ఈడనే ఉందాం," అంది.

మేము చర్చికి పోయే మనుషులం. కర్నూలులో మా సంఘానికి పాత చర్చి ఒకటుంది, ఆసుపత్రికి దూరం కాదు. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని ఆమె, ఆ సాయంత్రం తానే పోయి పాస్టరు గారి భార్యను అడిగింది. చర్చి వెనక, పండగలప్పుడు బల్లలు పెట్టుకునే గది ఖాళీ చేసిచ్చారు. ఊర్లో మాకున్న కాస్త ఉల్లి చేను మా తమ్ముడు చూసుకుంటానన్నాడు. నేను కర్నూలులోనే మార్కెట్టు చుట్టుపక్కల చిన్న బాడుగలు తోలాను.

ఈ గదిలో మాకు ఇది రెండో వానాకాలం. ప్రొద్దుటూరు నుంచి, కడప నుంచి ఇంకా పిలుపు రాలేదు. ఆమె ఆరోగ్యం బాగుపడిందని చెప్పలేను, కొన్ని రోజులు లేవలేదు కూడా. డయాలసిస్ మాత్రం ఒక్కటీ తప్పలేదు. ఈ పొద్దు వాన పడతాంటే గొడుగేసుకుని ఇద్దరం ఆసుపత్రికి నడిచే పోయాం. దారిలో ఒకచోట నిలబడి ఊపిరి తీసుకుని, "ఈ ఆదివారం పాపను రమ్మను, చూడాలని ఉండాది," అంది.