చేమంతులు ఇంటికి తీసుకెళ్ళాను

ఫ్రెంచివాళ్ళు శరదృతువును ఎలా గడుపుతారో అక్టోబరులో ఒక పత్రికలో చదివాను. బుట్ట పట్టుకొని బజారుకు నడిచి వెళ్ళడం, కాఫీ కూర్చొని తాగడం, మధ్యాహ్నం సూపుతో మొదలుపెట్టి గంటసేపు కబుర్లాడుతూ తినడం. నేను హోటల్లో ఒంటరిగా కూర్చోలేక పార్సిల్ కట్టించుకొనే మనిషిని. ఒక్క రోజైనా అలా గడిపి చూడాలనిపించింది. కాన్వెంటులో నాతో చదివిన స్టెల్లాకు ఫోన్‌లో చెబితే నవ్వింది. "దానికి పారిస్ ఎందుకే? మా యానాం వెళ్ళు. మా నాయనమ్మ ఇప్పటికీ సూపు లేకుండా అన్నం పెట్టదు." తర్వాత ఆమె గొంతు తగ్గింది. నవంబరు రెండు సమాధుల పండుగ. జూలైలో తాతయ్య పోయాక వచ్చిన మొదటి పండుగ. నాయనమ్మ మాత్రం సమాధి దగ్గరికి రానని కూర్చుంది, కొడుకు చెప్పినా వినడం లేదు. స్టెల్లాకు ఆసుపత్రిలో డ్యూటీ, సెలవు దొరకలేదు. "నువ్వొకసారి అడిగి చూడు. బయటివాళ్ళు చెబితే వింటుందేమో." ఎవరినీ ఏమీ అడగలేని నాకు ఆ పని అప్పగించి, నేను భోజనానికి వస్తున్నానని నాయనమ్మకు ఫోన్ చేసింది.

రెండో తేదీ ఉదయం కాకినాడలో ఎనిమిదిన్నరకు బస్సెక్కాను. టికెట్టు యాభై రూపాయల లోపే. కోరింగ, తాళ్ళరేవు దాటి గంటలోపే యానాంలో దిగాను. పత్రికలో చెప్పారని మెడకు స్కార్ఫ్ చుట్టుకున్నాను. బస్టాండు దాటకముందే చెమటలు పట్టి తీసి సంచిలో పెట్టాను. గోదావరి గట్టున టీ బడ్డీ ముందున్న బల్ల మీద కూర్చొని, పన్నెండు రూపాయల కాఫీని ఇరవై నిమిషాలు తాగాను. ఎవరూ నన్ను చూడలేదు. వరద ఎరుపు దిగిపోయి నది తేటగా ఉంది. అవతలి లంకల్లో రెల్లుపూలు ఇంకా తెల్లగా ఊగుతున్నాయి. ముప్పై కిలోమీటర్ల దూరంలో పుట్టి పెరిగిన నేను ఈ నదిని ఇంతసేపు ఎన్నడూ చూడలేదు. వెంట తెచ్చుకున్న పుస్తకం తెరవడమే మరిచిపోయాను.

బజారులో ఎటు చూసినా చేమంతులే. గోనెల మీద పసుపు రాశులు. కడియం తోటల నుంచి తెల్లవారుజామున దిగాయట. ఊరంతా కొంటున్నారు కదా, పెద్దావిడ ఇంటికి వట్టి చేతులతో వెళ్ళడం ఏం బాగుంటుందని నేనూ ఎనభై రూపాయలు పెట్టి ఒక పెద్ద కట్ట కొన్నాను. ఆటో అతను నన్నూ పూలనూ మార్చి మార్చి చూశాడు.

"ఒక్కరే వచ్చారేంటండీ? యానాం వచ్చేవోళ్ళు ఎక్కువగా మందు సీసాల కోసం వస్తారండి. పూలు కొనుక్కునేవోళ్ళు తక్కువ."

"భోజనానికి వచ్చానండీ."

"ఈ పూలట్టుకునా?" అన్నాడు. కనకాలపేట దారిలో ఇంటి ముందు దించి ముప్పై రూపాయలు తీసుకున్నాడు.

తలుపు తీసింది స్టెల్లా నాయనమ్మ మార్తమ్మగారు. డెబ్బై అయిదు దాటిన మనిషి, తెల్లచీర, మెడలో సన్నటి సిలువ. నా ముఖం కంటే ముందు నా చేతుల్లోని పూలను చూసింది.

"ఎవరికమ్మా ఇయ్యి?"

"మీకేనండీ, మామ్మగారూ."

ఆవిడ గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. తర్వాత నా చేతిలోంచి కట్ట తీసుకొని, లోపలికి తేకుండా వసారాలో నీళ్ళ బకెట్టులో నిలబెట్టింది. "మా ఇంట్లో చేమంతి గడప దాటదు తల్లీ. మా అత్తగారి కాలం నుంచీ అంతే. ఫ్రెంచోళ్ళకి ఇయ్యి పోయినోళ్ళ పువ్వులు. నీకు తెలీదుగా."

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. క్షమించమని కూడా సరిగా అనలేకపోయాను. "రా, సూపు సల్లారిపోద్ది" అంది ఆవిడ.

ఆనపకాయ సూపు, మిరియాల పొడి, రెండు రొట్టె ముక్కలు. తర్వాత అన్నం, చేపల పులుసు. బల్ల చివర ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అది తాతయ్యగారిది. ఫ్రెంచి బడిలో చదువుకున్న ఆయన బల్ల దగ్గర తొందరపడితే ఊరుకొనేవారు కారట. "గంట కూకోవాలి, మాటాడాలి. యాభై రెండేళ్ళు రోజూ ఒకే మాటతో మొదలెట్టేవోరు. మార్తా, సూపులో ఉప్పు తగ్గింది. నేనేమో తగ్గలేదనేదాన్ని. ఇంక గంటా దాని మీదే." ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. స్టెల్లా అడగమన్న మాట గుర్తొచ్చింది. రొట్టె ముక్కను నాలుగుసార్లు తుంచాను.

"మామ్మగారూ, సమాధి దగ్గరికి ఎందుకు రానన్నారు?"

"ఎల్తే రాయి మీద ఆయన పేరుంటది. ఎల్లకపోతే బజారుకెళ్ళాడనుకుంటాను. అంతే తల్లీ."

పళ్ళేలు ఇద్దరం కడిగాం. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వసారాలోకి వెళ్ళి బకెట్టు ముందు నిలబడింది. "పూలు గుమ్మం దాకా వచ్చేశాయి. ఇయ్యి ఇంట్లో పెట్టను, పారెయ్యను. మరెక్కడికెళ్తాయి?" అని తనలో తాను అనుకుంది. అయిదు నిమిషాల తర్వాత చెప్పులు వేసుకుంది. "ఆటోని పిలు అమ్మాయ్."

నాలుగున్నరకు సమాధుల తోటకు చేరాం. అంత పసుపును నేనెక్కడా చూడలేదు. కొత్త సున్నం వేసిన వందల సమాధులు, ప్రతిదాని మీదా చేమంతులు, మైనపు వత్తులు, కొన్నింటి మీద ఇంటి నుంచి తెచ్చిన పిండివంటలు. పిల్లలు సమాధుల మధ్య ఆడుతున్నారు. పెద్దలు పక్క సమాధుల వాళ్ళతో కబుర్లు చెబుతున్నారు. నది మీంచి గాలి వచ్చి వత్తులు ఆరిపోతుంటే, ఒకరి మంట నుంచి ఒకరు మళ్ళీ వెలిగించుకుంటున్నారు. నేను నోరు తెరుచుకొని నిలబడిపోయాను. స్టెల్లా నాన్న సున్నం కుంచె పట్టుకొని తల ఎత్తాడు. తల్లిని చూసి కుంచె కింద పెట్టాడు. "వచ్చావామ్మా" అన్నాడు.

మార్తమ్మగారు పూలన్నీ ఒక్కొక్కటిగా పేర్చింది. రాయి మీది పేరును కొంగుతో తుడిచింది. పక్కనున్న గట్టు మీద, బల్ల దగ్గర కూర్చున్నట్టే కూర్చుంది. "ఇయ్యాల సూపులో ఉప్పు తగ్గలేదు" అంది రాయితో. నా వైపు చూపించింది. "కావాలంటే ఈ అమ్మాయినడగండి."

"తగ్గలేదండీ" అన్నాను. ఆ రోజు నేను తడబడకుండా చెప్పిన మాట అదొక్కటే.

ఆవిడ గంటసేపు మాట్లాడింది. ఫాదర్‌గారు వచ్చి మంత్రజలం చల్లి వెళ్ళాక కూడా లేవలేదు. నేను ఏడు గంటల బస్సుకు కాకినాడ తిరిగి వచ్చాను. పత్రికలో స్కార్ఫు గురించి ఉంది, సూపు గురించి ఉంది, నిదానంగా బతకడం గురించి ఉంది. ఎదుటి కుర్చీ ఖాళీ అయినా ఆ గంటను మానకపోవడం గురించి లేదు. ఇప్పుడు నేను పార్సిల్ కట్టించుకోవడం తగ్గించాను. హోటల్లో బల్ల దగ్గరే తింటున్నాను. ఎదురుగా ఎవరూ లేకపోయినా పుస్తకం మూసే ఉంచుతున్నాను.

మీరూ నవంబరు రెండున యానాం వెళ్ళేటట్టయితే చేమంతులు తప్పకుండా కొనండి. పదకొండు దాటితే మంచివి అయిపోతాయి. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే మాత్రం ముందుగా అడిగి తీసుకెళ్ళండి. నాలా అడగకుండా తీసుకెళ్ళారా, సాయంత్రం దాకా ఉండేటట్టు వెళ్ళండి.